రహీం సాబ్ చూపు



ఆటలను గురించి రాయడం నాకు అలవాటు లేని పని. ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకుంటూ వచ్చినవాణ్ణి. ఈ బ్లాగులో ఇంతవరకు రాసినవి కూడా పాత పుస్తకాలు, పలుకుబడులు, శాసనాల ముచ్చట్లే. ఈ టపా మాత్రం ఆటగాళ్ళ గురించి. ఇంకా సరిగా చెప్పాలంటే, ఆటగాణ్ణి చిన్నతనంలోనే గుర్తుపట్టే మనుషుల గురించి. ఇందుకు కారకుడు మా మనుమడు.

మా అమ్మాయి కుటుంబం కెనడాలో ఉంటుంది. మనుమడు అక్కడి పిల్లలతో కలిసి మంచు గడ్డ మీద హాకీ ఆడుతాడు. కాళ్ళకు ఇనుప పట్టీల బూట్లు, చేతిలో వంకీ కర్ర, బంతికి బదులు ఒక నల్లని రబ్బరు బిళ్ళ. జూన్ నెలలో ఒకనాడు ఫోను చేసి, “తాతా, ఇయ్యాల డ్రాఫ్ట్ ఉంది, నేను టీవీ ముందు నుంచి లేవను” అన్నాడు. నాకు తెలిసిన డ్రాఫ్టు బ్యాంకులో తీసేది ఒక్కటే. పరీక్ష ఫీజులకు డీడీలు తీయించీ తీయించీ అలసిపోయిన ప్రాణం. వాడు నవ్వి, విడమరచి చెప్పాడు.

అక్కడ పద్దెనిమిదేళ్ళ వయసు వచ్చిన ఆటగాళ్ళను పెద్ద జట్లు వంతుల వారీగా ఏరుకుంటాయట. కిందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్లకు ముందు వరుసలో అవకాశం. ఏరుకోవడానికి ముందు రెండు మూడేళ్ళ పాటు ఆ జట్ల మనుషులు ఊరూరా తిరిగి, చలిలో గంటల తరబడి కూర్చుని, పిల్లల ఆట చూసి, ఎవడి కాలు చురుకు, ఎవడి బుద్ధి చురుకు, ఎవడు దెబ్బ తగిలినా లేచి నిలుస్తాడు అని రాసుకుంటారట. అన్నీ చెప్పి, చివరకు వాడు ఒక ప్రశ్న వేశాడు. “మన సిద్దిపేటలో పిల్లల ఆట ఎవరు చూస్తరు తాతా?”

పిల్లవాడు మామూలుగా అడిగిన మాటే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కారణం చివర చెప్తాను.

ఎంపిక అన్నది మనకు తెలియని విద్య కాదు. అంగడిలో ఎద్దును కొనే రైతును చూసినవారికి ఈ సంగతి తెలుసు. నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. సుళ్ళు చూస్తాడు. గిట్టలు చూస్తాడు. నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు. అంతా అయ్యాక కూడా పక్కనున్న పెద్దమనిషి ముఖం వైపు ఒకసారి చూస్తాడు. పళ్ళు, సుళ్ళు కొలతలు. ఆ చివరి చూపు అనుభవం. రెండూ కలిస్తేనే బేరం.

భారతం చదివినవారికి ఇంకొక దృశ్యం గుర్తుకు వస్తుంది. ఆదిపర్వంలో ద్రోణుడు చెట్టుమీద ఒక కృత్రిమ పక్షిని నిలిపి శిష్యులను ఒక్కొక్కరినే పిలిచి ఏమి కనబడుతున్నదని అడుగుతాడు. అది ఏకాగ్రతకు పరీక్ష. ఆ తరువాత కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన. అక్కడికి పిలవని పేరంటంగా కర్ణుడు వస్తాడు. అతని విద్య ఏపాటిదో అందరూ చూశారు. అయినా కృపాచార్యుడు అడిగినది కులగోత్రాలు, తల్లిదండ్రుల పేర్లు. దుర్యోధనుడు ఆ రంగస్థలం మీదనే అతనికి అంగరాజ్యం కట్టబెట్టి తన పక్షానికి తీసుకున్నాడు. దుర్యోధనుని ఉద్దేశం ఏదైనా కావచ్చు, చూపు మాత్రం తప్పలేదు. పిల్లవాడి ఆటకు ముందు వాడి పుట్టుకను అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఆట చూసి వెంటనే చేయి పట్టుకున్నవాళ్ళు తక్కువ.

అటువంటి తక్కువమందిలో ఒకరు మన హైదరాబాదు వారు, నావలెనే బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరంలో అందరికీ రహీం సాబ్. 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా వల్ల ఈ పేరు కొత్త తరానికి కొంత తెలిసింది. అంతకు ముందు ఎంతమందికి తెలుసు? నాకే సరిగా తెలియదు. ఒప్పుకోవడానికి సిగ్గుపడను.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడ ఫుట్‌బాల్ ఆడారు. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది ఆటలు కూడా నేర్పారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా మరణించే వరకు ఉన్నారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ ఏడాదే ఆ జట్టు కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చింది.

ఈ జట్టు ఎలా తయారైందన్నదే మనకు కావలసిన సంగతి. ఆనాడు మన దేశంలో ఆటే వృత్తిగా బతకడం అన్నది కాగితం మీద లేదు. ఆటగాడికి జీతమంటే ఉద్యోగమే. పోలీసులో కానిస్టేబులు, సైన్యంలో సిపాయి, రైల్వేలో గుమాస్తా. కలకత్తా క్లబ్బులు దూరదేశాల నుంచి మెరికలను ఏరి తీసుకుపోయేవి. 1949 మొదలు కొన్నేళ్ళు ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో ఆడిన ఐదుగురిని బెంగాలీలు పంచపాండవులని పిలుచుకున్నారు. అందులో ఆంధ్రదేశం నుంచి వెళ్ళిన అప్పారావు ఒకడు. పెద్ద క్లబ్బులు చేసినది పండిన చేను కోసుకోవడం. రహీం సాబ్ చేసినది నారు పోయడం. ఈ రెండింటికీ కావలసిన కళ్ళు వేరు.

ఆయన కుర్రవాళ్ళకు రెండు చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ, ఎదుటివాణ్ణి తప్పించుకుంటూ పరుగెత్తడం నిషిద్ధం. అందిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొకదానిలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడికి ఎడమకాలు, ఎడమకాలి వాడికి కుడికాలు.

ఈ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే అవధానంలోని నిషిద్ధాక్షరి జ్ఞాపకం వచ్చింది. కవి తనకు తోచిన అక్షరం వేసుకుంటూ పోతే అతని ధారణ ఎంతో, ప్రతిభ ఎంతో విడదీయడం కష్టం. పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్ని నిషేధించే కొద్దీ ఆ పదసంపద ఎంత లోతుకు ఉందో బయటపడుతుంది. రహీం సాబ్ పోటీలు కూడా అటువంటివే. సొంత చాతుర్యంతో పదిమందిని దాటుకుపోయే కుర్రవాడు చూసేవారికి వెంటనే కనబడతాడు. వాడిని గుర్తించడానికి శిక్షకుడు అక్కరలేదు, గట్టు మీద కూర్చున్నవాళ్ళు చాలు. ఆ చాతుర్యాన్ని నిషేధిస్తే, తోటివాడు ఎక్కడున్నాడో చూసి బంతి రాకముందే ఆలోచించగలవాడు బయటికి వస్తాడు. నేర్పుతున్నది పరీక్షిస్తూ, పరీక్షిస్తున్నది నేర్పుతూ పోయే పద్ధతి ఇది. మేము బి.ఇడి.లోను, పండిత శిక్షణలోను పేజీల కొద్దీ చదువుకున్న మూల్యాంకనం ఇంతకు మించినది కాదు.

ఆయన కళ్ళకు దొరికిన పిల్లలలో తులసీదాస్ బలరామ్ కథ నన్ను కదిలించింది. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో, పేద తమిళ కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. మొదట్లో అతడు తొడుక్కున్నవి పోలీసుల పాత బూట్ల నుంచి చెప్పులు కుట్టే అతని చేత చేయించుకున్నవట. ఆ కుర్రవాడి ఆట రహీం సాబ్ కంటపడింది. ఎంపికకు హైదరాబాదు రమ్మన్నారు. రావాలని ఉంది, రోజూ అంత దూరం రావడానికి చేతిలో డబ్బు లేదు. రహీం సాబ్ రానుపోను సైకిలుకు ఏర్పాటు చేశారు. బలరామ్ పెద్దవాడైన తరువాత కూడా ఈ సాయాన్ని తలచుకునేవారు.

సైకిలు ఎంతపాటి వస్తువు? కానీ అది లేకపోతే ఏమయ్యేది? ఆ ఏడాది ఎంపిక జాబితాలో ‘గైరుహాజరు’ అని ఒక మాట పడేది. అంతే. తరువాత జరిగినదేదీ జరిగేది కాదు. బలరామ్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరామ్‌తో పాటు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, గోలు కాపలా పీటర్ తంగరాజ్ మన హైదరాబాదు నేల మీద పెరిగినవాళ్ళే. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద మన పక్షాన గోలు చేసినవాడు బలరామే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, లక్షమంది ప్రేక్షకుల నడుమ, దక్షిణ కొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్టులోనూ అతడున్నాడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం కూడా రహీం శిక్షణలో వచ్చినదే. మధ్యలో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిన పరాభవమూ ఆయన ఖాతాలోనిదే. మనవాళ్ళు చాలామంది ఆనాడు వట్టికాళ్ళతో ఆడారు. పదేళ్ళలో ఆ పరాభవం నుంచి ఈ స్వర్ణానికి నడిపించారు.

జకార్తా నాటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఇప్పుడు మళ్ళీ మా మనుమడి మంచు హాకీ దగ్గరకు వస్తాను. వాడి ప్రశ్న తరువాత ఆ ఆట చరిత్ర కొంత చదివాను. చదువుతుంటే ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. ఉత్తర అమెరికా హాకీ లీగు తన మొట్టమొదటి డ్రాఫ్టును 1963 జూన్ 5న మాంట్రియల్‌లో ఒక హోటల్లో జరిపింది. అంటే రహీం సాబ్ పోవడానికి సరిగ్గా 6 రోజుల ముందు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే మనకు లేనిదేమిటో నాకు అర్థమైంది.

అంతకుముందు అక్కడ ఏం జరిగేదంటే, పెద్ద జట్లే కుర్రవాళ్ళ జట్లను పోషించేవి. పోషించిన పిల్లలను చిన్న వయసులోనే కాగితం మీద సంతకం పెట్టించి కట్టివేసుకునేవి. 1961 వసంతకాలంలో బోస్టన్ జట్టు పెద్దలు గాననోక్ అనే చిన్న ఊరికి వేరే ఇద్దరు పిల్లలను చూడటానికి వెళ్ళారు. వారి దృష్టి మూడోవాడి మీద పడింది. ఆ పిల్లవాడు బాబీ ఓర్. అప్పటికి పన్నెండు, పదమూడేళ్ళ పసివాడు. మరుసటి ఏడాది, పద్నాలుగో ఏట, బోస్టన్ వాళ్ళు సంతకం తీసుకున్నారు. ప్రతిఫలంలో కొంత డబ్బుతో పాటు ఆ ఇంటి గోడలకు పూత వేయించే మాట కూడా ఉందంటారు. తరువాతి కాలంలో ఆ ఆటలో అతనికి సాటి కొద్దిమందే అయ్యారు. మన సైకిలూ, వారి గోడపూతా చూడటానికి ఒకే రకంగా ఉన్నాయి. ఒకటే తేడా. ఆ పూతకు బదులుగా పిల్లవాడి భవిష్యత్తు ఒక జట్టుకు రాసి ఇవ్వాల్సి వచ్చింది.

ఇలా డబ్బున్న జట్లే మెరికలన్నిటినీ కట్టివేసుకుంటుంటే మిగిలినవి ఎప్పటికీ లేవలేవని తలచి, ఎవరి పోషణలోనూ లేని కుర్రవాళ్ళను వంతుల వారీగా పంచుకోవడం మొదలుపెట్టారు. మొదటిసారి 6 జట్లు కలిసి 21 మందిని ఏరుకున్నాయి. మేలైనవారు అప్పటికే ఎవరో ఒకరి సంతకం కింద ఉన్నారు గనుక, ఇవి మిగిలిన గింజలే. మొదట పిలిచిన పేరు గ్యారీ మొనహన్. వయసు 16. చివర 21వ పేరు గెర్రీ మీహన్. ఈ 21 మందిలో చివరకు పెద్ద లీగులో అడుగుపెట్టినవారు ఐదుగురే. ఆ ఐదుగురిలో మొదటివాడూ ఉన్నాడు, అందరికంటే చివరివాడూ ఉన్నాడు. ఆ చివరివాడు తరువాత బఫెలో జట్టుకు నాయకుడయ్యాడు, ఆ జట్టు నిర్వాహకుడూ అయ్యాడు. 21లో 16 మంది విషయంలో అంచనా తప్పినా వాళ్ళు ఆ పనిని వదిలిపెట్టలేదు. 1969 నాటికి పాత పోషణ పద్ధతిని పూర్తిగా తొలగించారు. 1975లో దేశమంతటా పిల్లల ఆట చూసి నమోదు చేయడానికి ఒక ఉమ్మడి కార్యాలయం పెట్టుకున్నారు. ఒక మనిషి పోయినా ఇంకొక మనిషి ఆ పుస్తకం తెరిచి అక్కడి నుంచి రాయగలడు.

మన దగ్గర పుస్తకం లేదు, మనిషి ఉన్నాడు. ఆ మనిషి 1963లో పోయాడు. వేసిన నారు కొన్నేళ్ళ పాటు పంటనిచ్చింది. రహీం సాబ్ పోయేనాటికి పద్నాలుగేళ్ళు నిండని హైదరాబాదు బాలుడు మహమ్మద్ హబీబ్ 1966లో కలకత్తా వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడి మైదానాలను ఏలాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, శిక్షకులలో ఒకరు జి.ఎం.హెచ్. బాషా. ఇద్దరూ హైదరాబాదీలే. 1974లో ఆసియా యువజన పోటీలలో ఇరాన్‌తో సమంగా విజేతగా నిలిచిన మన కుర్రజట్టు నాయకుడు షబ్బీర్ అలీ కూడా మనవాడే. ఆ తరువాత ధార పలచబడింది. 1960 తరువాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల స్వర్ణం రాలేదు. దీనికి కారణాలు అనేకం. అన్నిటినీ ఒక మనిషి మరణానికి కట్టడం చరిత్ర కాదు. కానీ ఒక నగరానికి అంత పెద్ద చూపు ఉన్నప్పుడు ఆ చూపును పద్ధతిగా మార్చుకోలేకపోవడం మన తప్పే.

పద్ధతి ఒక్కటే చాలునా అంటే, అదీ చాలదు. క్రికెట్ ప్రీమియర్ లీగు మొదలైన 2008లో, అండర్-19 ప్రపంచకప్పు గెలిచి వచ్చిన కుర్రవాళ్ళను ఇలాగే వంతుల వారీగా పంచారు. ఢిల్లీ జట్టు తన వంతుకు ప్రదీప్ సాంగ్వాన్ అనే బౌలరును తీసుకుంది. ఢిల్లీ కుర్రవాడే అయిన విరాట్ కోహ్లీ బెంగళూరుకు పోయాడు. ఆ తరువాతి కథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఢిల్లీ వాళ్ళను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వారికి అప్పటికి బౌలరు కావలసి ఉండవచ్చు. అవసరం చూసే కన్ను వేరు, మనిషిని చూసే కన్ను వేరు అనడానికి చెప్తున్నాను.

మనిషిని చూసే కన్ను హైదరాబాదులో పూర్తిగా మూసుకుపోలేదు. తిలక్ వర్మ అనే కుర్రవాణ్ణి మీరందరూ ఎరుగుదురు. తండ్రి ఎలక్ట్రీషియన్. పదకొండేళ్ళ వయసులో బార్కస్ మైదానంలో టెన్నిస్ బంతితో ఆడుతున్నవాణ్ణి సలాం బయాష్ అనే శిక్షకుడు చూశారు. శిక్షణ కేంద్రం ఊరికి ఆ చివర, లింగంపల్లిలో. రమ్మంటే ఇంటివాళ్ళకు దూరాభారం. ఆయన పిల్లవాణ్ణి తన బండి మీద ఎక్కించుకుని సుమారు 40 కిలోమీటర్లు తీసుకుపోయి తీసుకువచ్చేవారు. ఆ కుర్రవాడిని 2022 వేలంలో ముంబయి జట్టు 1 కోటి 70 లక్షలకు తీసుకుంది. వేలం టీవీలో వచ్చింది. బండి మీద ఆ ప్రయాణాలు ఏ టీవీలోనూ రాలేదు. బలరామ్ సైకిలుకూ, తిలక్ ఎక్కిన బండికీ మధ్య అరవై ఏళ్ళ దూరం. నడిచిన దారి మాత్రం ఒక్కటే.

ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం చెప్తాను.

1993లో నేను సిద్దిపేటకు దగ్గరలో ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. అప్పటికి సిద్దిపేట మెదక్ జిల్లాలో భాగం. బడిలో వ్యాయామోపాధ్యాయుడు లేడు. పాఠశాలల ఆటల పోటీలు వచ్చాయి. కబడ్డీ జట్టుకు 12 మందిని ఎంపిక చేసే పని నా నెత్తిన పడింది. నాకు కబడ్డీ ఎంత తెలుసు? చిన్నప్పుడు చెడుగుడు ఆడి మోకాళ్ళు చెక్కుకున్నంత. కొట్టంలో ఉన్న పాత కాంటా తెప్పించి బరువులు తూచాను. గోడకు గీత గీసి ఎత్తులు కొలిచాను. ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ళను ఒక పక్కకు నిలబెట్టాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడుండేవాడు. బక్కపలచని మనిషి. పొద్దున్నే బర్లను తోలి రావాలి గనుక రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. నా పుస్తకంలో వాడి పేరు ఎదురుగా ఎర్రసిరా గుర్తులే ఎక్కువ. ఆనాడు కూడా ఆలస్యంగానే వచ్చాడు. అప్పటికి 12 పేర్లూ రాయడం అయిపోయింది.

“సారూ, ఒక్క కూత పోనియ్యుండ్రి” అన్నాడు.

పొద్దు గూకుతున్నది. నాకు సిద్దిపేట బస్సు పోతుందేమోనన్న తొందర. “పేర్లు రాసుడు అయిపోయింది, వచ్చే ఏడు చూద్దాం” అన్నాను. వాడు మారుమాట అనలేదు. నేను ఏర్చి కూర్చిన జట్టు మొదటి ఆటలోనే ఓడి వచ్చింది. ఆ దసరాకు పల్లెలో పెద్దలు, పిల్లలు కలిసి ఆడుకున్న కబడ్డీలో నేను ఆ పిల్లవాడి కూత మొదటిసారి విన్నాను. గీత దాటి అవతలికి పోయి, ముగ్గురిని తాకి, కాలు పట్టుకున్నవాణ్ణి కూడా ఈడ్చుకుంటూ గీత మీద చేయి ఆనించాడు. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెతను ఎన్ని తరగతుల్లో చెప్పానో లెక్క లేదు. కళ్ళెదుట నిలబడ్డ పిట్టను గుర్తుపట్టలేకపోయాను. ‘వచ్చే ఏడు’ రాలేదు. సంక్రాంతి తరువాత వాళ్ళ కుటుంబం భివండి మగ్గాలకు వలస పోయింది.

ఆ రోజు నేను చూసి కాదన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. చూడకుండానే కాదన్నాను. తీర్పు తప్పడం మానవ సహజం. పరీక్షకే కూర్చోనివ్వకపోవడం వేరు. 21 మందిలో 16 మందిని తప్పుగా అంచనా వేసినవాళ్ళు కూడా కనీసం చూశారు. ద్రోణుడు సైతం అందరినీ ఒక్కొక్కరిగా చెట్టు దగ్గరకు పిలిచాడు. సరైన జవాబు చెప్పలేకపోయినవాళ్ళకు కూడా విల్లు చేతికిచ్చి అడిగాడు.

కిందటి ఏడు కోమటి చెరువు కట్ట మీద సాయంత్రం నడుస్తుంటే ఒకతను ఎదురుగా వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. తల సగం నెరిసింది. పేరు చెప్పేదాకా గుర్తుపట్టలేదు. భివండి నుంచి తిరిగి వచ్చి చాలా ఏళ్ళయిందట. పల్లెలో కొద్దిగా వ్యవసాయం. సాయంత్రం పూట ఊరి పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాడట. ప్రొ కబడ్డీ వచ్చాక పిల్లలు టీవీ చూసి తామే అడుగుతున్నారని చెప్పాడు. నేను ఉండబట్టలేక ఆ సాయంత్రం సంగతి ఎత్తాను. వాడు మరిచిపోయి ఉంటాడని నా ఆశ. మరిచిపోలేదు.

“గదంత ఎప్పటి ముచ్చట సారూ” అని నవ్వాడు. కొంత దూరం మాట్లాడకుండా నడిచాము. తరువాత తానే అన్నాడు. “ఇప్పుడు నా తాన ఎవలొచ్చినా, ముందుగాల ఒక్క కూత పోనిస్త. తీసుకునుడు తీసుకోకపోవుడు ఎనుక సంగతి.”

నాకు ఏమనాలో తోచలేదు. ముప్పై మూడేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో నేను నేర్పలేకపోయినది, నేను చేసిన తప్పు నుంచి వాడు నేర్చుకున్నాడు.

మనుమడి ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదు. ఈసారి ఫోను చేసినప్పుడు చెప్తాను. మా సిద్దిపేటలో పిల్లల ఆట చూసే మనిషి ఒకడున్నాడని, వాడు నా శిష్యుడేనని, వాడి పుస్తకంలో ఆలస్యంగా వచ్చినవాడికి కూడా ఒక వరుస ఖాళీగా ఉంటుందని. వాడికి రహీం సాబ్ కథ కూడా చెప్తాను.

మిత్రులు తమ తమ ఊళ్ళలో ఇటువంటి మనుషులు ఎవరైనా ఉంటే, ఉండి పోయి ఉంటే, వారిని గురించి రాయమని నా విన్నపం. గెలిచినవారి పేర్లు కప్పుల మీద చెక్కుతారు. సైకిలు ఏర్పాటు చేసినవారి పేర్లు ఎక్కడా చెక్కరు. ఆ పని మనమే చేయాలి.

శుభం భూయాత్.